ఆల్టో వరసలో వసుధ

పాట ఒకటే అయినప్పుడు దాన్ని ఒకేసారి నాలుగు రకాలుగా ఎందుకు పాడాలో రెండు నెలలైనా వసుధకి అంతు చిక్కలేదు.

ఆమె తిరుమలగిరిలో ఇరవై ఏళ్ళుగా పిల్లలకి కర్ణాటక సంగీతం చెబుతోంది. ఎదురు ఫ్లాటు ఎలీసబెతు ఓ రోజు వచ్చి, "వదినా, మా చర్చిల క్వయర్ కచేరీ పెడుతున్నం, గరీబు కిడ్నీ పేషెంట్ల కోసం. మా రోసమ్మ ఆంటీకి గొంతు ఆపరేషన్ అయింది. ఆల్టోలల్ల ఒక మనిషి తక్కువైంది. నువ్వు రావాలె" అంది. పాటే కదా అని వసుధ సరేనంది. బయటి మనిషి ఎందుకని క్వయర్లో కొందరు గొణిగితే ఎలీసబెతే పట్టుబట్టి ఒప్పించిందని తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ ఒకటే భయం. తను తప్పు పాడితే మాట పడేది ఎలీసబెతు.

ఆల్టో అంటే అసలు వరసకి కాస్త కింద, దాన్ని అంటిపెట్టుకుని నడిచే ఇంకో వరస. విడిగా పాడితే పాటలాగే ఉండదు. ప్రాక్టీసులో సొప్రానోలు అసలు వరస ఎత్తుకోగానే వసుధ గొంతు తనంతట తనే వెళ్ళి వాళ్ళతో కలిసిపోయేది. క్వయర్ మాస్టారు సామ్యూల్ చెయ్యెత్తి ఆపేవాడు.

"వసుధమ్మా, మళ్ళ పక్కింట్లకు పోయిన్రు. మనిల్లు ఇటు."

అందరూ నవ్వేవారు. ఎలీసబెతు మాత్రం కాయితంలో తల దూర్చేది.

కచేరీ రోజు రానే వచ్చింది. రెజిమెంటల్ బజారు అవతల, తెల్లదొరల పటాలాల కాలంలో కట్టిన రాతి చర్చి. తుపాకులు ఆనించుకోడానికి బెంచీలకి చెక్కిన గాడుల్లో ఆ సాయంత్రం జనం గొడుగులు ఆనించారు. గోడ మీద కలరాతో పోయిన సిపాయిల పేర్లు. వాటి కింద నిలబడి వసుధ తన మొదటి స్వరాన్ని మనసులో పదిసార్లు అనుకుంది.

చివరి పాటకి మూడు చరణాలు వట్టి గొంతులతో పాడాలి, నాలుగో దానికి ఆర్గన్ కలవాలి. మొదటి చరణంలో వసుధ తన ఇల్లు వదల్లేదు. ఎలీసబెతు ఓరకంట చూసి తలాడించింది.

రెండో చరణంలో ఏదో తేడా కొట్టింది. ఎక్కడో తెలియలేదు. వరస సరిగానే ఉంది, మాటలూ సరిగానే ఉన్నాయి, కానీ చుట్టూ ఉన్న గొంతులు తన గొంతుకి గరుగ్గా తగులుతున్నాయి. శ్రుతి జారింది. ఎవరిది? తనది కాదు. చెవిలో తంబురా మోగుతున్నంత స్పష్టంగా ఉంది తనకి. కానీ ఇరవై ఎనిమిది మంది తప్పు, తనొక్కతే ఒప్పు అంటే ఎలా నమ్మడం? ముందు బెంచీలో ఒకావిడ తల తిప్పి తిన్నగా తననే చూసింది. ఎలీసబెతు మోచేత్తో పొడిచింది. ఆపమనా, పాడమనా?

మూడో చరణానికి వసుధ తన శ్రుతి వదిలి వాళ్ళ శ్రుతికి దిగిపోయింది. తెలిసి తెలిసి, పిల్లలెవరైనా చేస్తే తొడ మీద ఒక్కటిచ్చే పని చేసింది. వెంటనే గరుకు పోయింది. గొంతులన్నీ ఒక్కటై రాళ్ళలోకి ఇంకినట్టనిపించింది. ఆ హాయికి సిగ్గేసింది కూడా.

నాలుగో చరణానికి మాస్టారి కూతురు ప్రిసిల్లా ఆర్గన్ మెట్లు నొక్కింది. పాట ఒకచోట, ఆర్గన్ ఇంకోచోట. ఒక్క క్షణం చెవులు చిల్లులు పడ్డాయి. సామ్యూల్ ఎడంచెయ్యి గాల్లో కోసినట్టు ఆడింది. ప్రిసిల్లా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఆ చరణమూ వట్టి గొంతులతోనే నడిచింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

వరండాలో టీ ఇస్తున్నారు. సామ్యూల్ తిన్నగా వసుధ దగ్గరికే వచ్చాడు.

"వట్టిగ పాడితే మావోళ్ళు జెర జెర కిందికి జారుతరమ్మా, ఎప్పుడూ ఇదే తక్లీఫ్. రెండో చరణం దాంక అసలు శ్రుతిల ఉన్నది మీరొక్కరే."

వసుధ టీ కప్పు కింద పెట్టింది. "అయ్యో, మరి నేను దిగిపోయానండీ!"

"దిగకపోతె నా ప్రోగ్రాం ఖరాబ్ అయ్యేది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మెచ్చుకున్నాడో, తిట్టాడో! వసుధ ఎలీసబెతు చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పొడిచింది దేనికి?"

"నువ్వు కరెక్టున్నవని ఎరికైంది. నేను నీ దిక్కు రావాల్నా, వాళ్ళ దిక్కు పోవాల్నా సమజ్ కాలే. పరేషాన్ల పొడిచిన."

"మరి నీకు మాటేం రాలేదు కదా?"

"ఏం మాట? గొణిగినోళ్ళే అడుగుతున్నరు, క్రిస్మస్ పాటలకు వస్తవా అని."

"వచ్చి ఏం పాడమంటావ్? శ్రుతిలోనా, మీతోనా?"

ఎలీసబెతు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ప్రాక్టీసు శనివారం, ఐదింటికి" అంది.