గోడ దాటిన ఫ్లోర్యాన్

ఆ రోజుల్లో మా ద్రాక్షకొండ మీద వసంతం వచ్చిందని చెప్పేవాడు గాష్పర్. తన ద్రాక్షసారా పీపాల కొట్టు గుమ్మంలో నిలబడి, ఫ్లోర్యాన్ మళ్ళీ గోడ దాటాడ్రోయ్ అని కేకేసేవాడు. కొత్తవాళ్ళు ఎవడో దొంగ పడ్డాడనుకునేవారు. అప్పటికి అతని పొరుగింటి ఫ్లోర్యాన్ పోయి చాలాకాలమైంది. గోడ దాటింది ఆయన నాటిన మొక్క.

వెదురులా కణుపులు కణుపులుగా లేచే జపాన్ మొక్క అది. రైలుకట్ట పక్కన దొరికితే, పెరట్లో బెంచీకి నీడగా ఉంటుందని తెచ్చి సరిహద్దు గోడ వార పాతాడు. నీడైతే బాగానే వచ్చింది గానీ బెంచీ కనబడకుండా పోయింది. వేళ్ళు గోడ కిందుగా గాష్పర్ తోటలో దూరాయి. దానికి పుస్తకాల్లో ఏదో పేరుందట. నేను బడికి పోయిన నాలుగు రోజుల్లో అది చెప్పలేదు. అందుకే ఫ్లోర్యాన్ అని నేనే పెట్టాను. ఆ పేరు మొక్కకంటే వేగంగా పాకింది.

అసలు ఫ్లోర్యాన్ ఏమీ అనుకోలేదు. సాయంత్రమయ్యేసరికి గాష్పర్ కొట్టులో గ్లాసు పట్టుకుని కూర్చునేవాడు. నువ్వు తలుపులోంచి వస్తావు, నీ మొక్క నేల్లోంచి వస్తుంది, ఇద్దరికీ పిలుపుతో పనిలేదు అని గాష్పర్ దెప్పుతుంటే, నవ్వుతూ గ్లాసు ముందుకు జరిపేవాడు. ఆ కొట్టులో అంత నవ్వు మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

ఆయన పోయాక ఒక మార్చిలో కొట్టు గోడ బీట తీసింది. పీపాల వెనక ఎర్రటి మొలక తలెత్తింది. ఒక్క పక్క తవ్వితే లాభం లేదు, రెండు పెరళ్ళూ తవ్వాలి. ఫ్లోర్యాన్ భార్య పోల్దక్కని అడగడానికి గాష్పర్ నన్ను తోడు తీసుకెళ్ళాడు. ఆవిడ ససేమిరా అంది. గోడ కూలిపోతోందని ఇతను ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరికి ఇతను విసిగిపోయి, అదో కలుపు మొక్క వదినా అనేశాడు.

ఆవిడ తలగుడ్డ ముడి బిగించుకుంది.

"మాకు పిల్లల్లేరు గాష్పర్. నువ్వు కేకేస్తేనే ఆయన పేరు నా చెవిన పడుతుంది. అది పీకేశాక ఇంకెవర్ని పిలుస్తావు?"

గాష్పర్ టోపీ తీసి నా వైపు చూశాడు. ఇక నేనే నోరు విప్పాను.

"అక్కా, ఆయన్ని ఆ కొట్టులోంచి ఏనాడైనా ఒక్క పిలుపుతో ఇంటికి తెచ్చుకున్నావా? ఇదీ అంతే. ఒక ఏడాది తవ్వితే పోయే ఘటం కాదు. ఏటేటా తవ్వాలి, పేరు పెట్టి మరీ తిట్టాలి."

ఆవిడకి నవ్వొచ్చింది, కనబడనివ్వలేదు.

"అయితే కలుపు అనకండి. పేరుతోనే అనండి."

మర్నాడు కొండంతా పారలతో దిగింది. ఇదిగో ఫ్లోర్యాన్ మోకాలు అని ఒకడు, మోచెయ్యి పీపా కింద ఇరుక్కుందని ఇంకొకడు. అవతలి నుంచి పోల్దక్క కూడా, ఆయనెప్పుడూ అటే తిరిగి పడుకునేవాడని అందుకుంది. వేళ్ళు ఎండబెట్టి తగలబెట్టడానికి గుట్ట పోశాం. ఆవిడ లేత మొలకలు మాత్రం ఏరి, తొక్క తీసి, పంచదారతో ఉడికించి పిండి రేకుల్లో చుట్టి కాల్చి తెచ్చింది.

కొట్టు ముందు కూర్చుని తిన్నాం. మొదటి ముక్కకే గాష్పర్ కళ్ళు మూతపడ్డాయి.

"బతికున్నప్పుడు ఇంత పులుపు లేదు ఈయనలో," అంటూ పోల్దక్క అతని పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది.