కరుణమ్మ కుట్టిన ఎర్ర గుడ్డ

నన్ను చూడగానే దిండనుకున్నవాళ్ళే ఎక్కువ. కొందరు సూదులు గుచ్చుకునే దూది బొమ్మ అన్నారు. కాదు మహానుభావులారా, నేను ఒక గర్భసంచిని! గుడ్డతో కుట్టినదాన్నే అనుకోండి, అయినా గర్భసంచినే. ఒళ్ళు ఎర్ర నేత చీర, లోపల పాత పరుపు దూది. అటూ ఇటూ ఉన్న గొట్టాలు లంగా బొందులు, వాటి కొసన అండాశయాలు రెండు కోటు గుండీలు. నవ్వుకోండి, నాకేం ఫర్వాలేదు.

నన్ను కుట్టింది దేవకరుణ. అందరికీ కరుణమ్మ. మార్కాపురంలో బడిపంతులమ్మ. ఇరవై నాలుగేళ్ళ వయసులో కడుపునొప్పని ఆస్పత్రికి వెళ్తే, "ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంకెందుకు? ఉంచితే కేన్సరొస్తుంది" అని భయపెట్టి గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. చదువుకున్న మనిషై ఉండి కూడా మారుమాట లేకుండా సంతకం పెట్టింది. ముప్పై దాటకుండానే ఒళ్ళంతా ఆవిర్లు, కీళ్ళ నొప్పులు, నిద్రలేమి. అసలు పోయిందేమిటో అప్పుడు పుస్తకాలు తిరగేసి తెలుసుకుంది. ఆ మంటలో ఒక ఆదివారం కూర్చుని నన్ను కుట్టింది. తర్వాత ఉద్యోగం మానేసి, 'తోడు' అని ఒక సంఘం పెట్టింది. సంఘమంటే మొదట్లో ఆమే, నేనే, భుజానికో గుడ్డసంచి.

ఆమె పద్ధతే వేరు. ఉపన్యాసాలుండవు. నన్ను తీసి ఎదురుగా ఉన్న మనిషి ఒళ్ళో పెట్టేది, అంతే. ఎన్ని ఒళ్ళు చూశానో నేను! తన ఒళ్ళో మాత్రం ఎప్పుడూ పెట్టుకోలేదు. కుట్టేటప్పుడు కూడా బల్లమీద పెట్టే కుట్టింది. నాకది కాస్త చిన్నతనంగానే ఉండేది.

ఒకసారి మిరపకల్లాల దగ్గరికి వెళ్ళాం. తాటాకు పందిరి కింద ఆడవాళ్ళు తొడిమలు తీస్తున్నారు. అందులో ఓబులమ్మ అనే పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. తెల్లబట్ట అవుతోందని ఆస్పత్రికి వెళ్తే, మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ అన్నారట. పక్కనే అత్త పోలమ్మ. "పిల్లలు పుట్టినాక దాంతో పనేముందమ్మా! మా వాడలో అందరివీ తీసేశారు" అంది.

"గొంతు నొప్పొస్తే మెడ తీయించుకుంటావా పోలమ్మా?" అంటూ కరుణమ్మ నన్ను ఓబులమ్మ ఒళ్ళో పెట్టింది. తన కథంతా దాచకుండా చెప్పింది. "దీనికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మాత్రలు మింగితే చాలే అమ్మాయ్. రేపు ఆపరేషన్‌కి వెళ్ళొద్దు, నాతో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి రా."

 ఓబులమ్మ కారం అంటిన పిడికిలి నా పక్కన పెట్టి కొలుచుకుంది. "ఇంతేనా అక్కా? నా ఇద్దరు పిల్లల్నీ ఇందులోనే మోశానా?" అంది. కళ్ళు ఇంతలేసి చేసుకుని తన పొట్టకేసి చూసుకుంది. అబ్బ, ఆ చూపు! దూది ముద్దనైన నాకే ఒళ్ళు జలదరించింది. పిడికెడు కండ అంత బిడ్డకు చోటిచ్చి, మళ్ళీ పిడికెడైపోవడమేమిటి! నేను నకలుని. అసలుది ఈ మనిషి లోపలుంది. ఎంత అద్భుతాన్ని మోస్తూ మిరపకాయలు ఏరుకుంటోందో!

"నాది నేనియ్యను" అంది ఓబులమ్మ.

అత్త తిడుతుందనుకున్నాను. పోలమ్మ చెయ్యి చాపింది. "ఏదీ, ఒకసారి ఇటియ్యి. నాదీ తీసేశారు గానీ, ఎట్టుంటదో చూళ్ళేదు."

మాత్రలతోనే ఓబులమ్మకి నయమైంది. ఊరుకుందా? సంఘంలో చేరి, నన్ను భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగింది.

జిల్లా సమావేశం ముచ్చట కూడా చెప్పాలి. ఒక పెద్ద ఆఫీసరుగారు కుర్చీలో ఉన్న నన్ను హాయిగా నడుం వెనక సర్దుకున్నారు. "సార్, మీరు ఆనుకున్నది గర్భసంచండీ" అంది కరుణమ్మ. ఆయన లేచిన వేగం చూడాలి! తర్వాత రెండు చేతులా పట్టుకుని, "ఇంతేనా ఉండేది?" అన్నారు. చదువుల్లో తేడాలుంటాయిగానీ ఆ ప్రశ్న మాత్రం అందరిదీ ఒకటే. రెండో డాక్టరు చూడందే ఆపరేషన్ చేయకూడదన్న మాట ఆ రోజే మొదలైంది. అది జిల్లాలో అమలయ్యేసరికి కరుణమ్మ జుట్టు నెరిసింది.

నిన్న ఆవిడ సంఘం పగ్గాలు ఓబులమ్మకి అప్పగించింది. కుర్రకారు నాకోసం గాజుపెట్టె చేయించారు. నేను కొంచెం మురిసిపోయాను కూడా. ఓబులమ్మ నన్ను తీసుకుని పెట్టె దాటి నేరుగా కరుణమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆమె ఒళ్ళో పెట్టింది.

కరుణమ్మ చేతులు ముందు పక్కకి జరిగాయి. మెల్లగా వచ్చి నామీద వాలాయి. ఎవరికీ తెలియనిది కాదు, ఊరూరా తనే చెప్పిన కథ. అయినా హాల్లో వెనక వరసలవాళ్ళు కూడా ముందుకి వంగి చూశారు. పిడికిలి బిగించి నా పక్కన పెట్టింది, ఓబులమ్మ పెట్టినట్టే.

"ఇంతేనే ఓబులూ, నాది కూడా" అంది.

నన్ను పొట్టకి అదుముకుని ఏడ్చింది. ఇన్నేళ్ళకి నా చోటికి నేను వచ్చాను. గాజుపెట్టెలో ఇప్పుడు టీ గ్లాసులు పెట్టుకుంటున్నారు.