చెవులు కప్పని తలపాగా

కొండాపురం పునరావాస కాలనీ నుంచి నాగప్ప ఏటా గొర్రెలు తోలుకొచ్చి మా చేలో మంద కడతాడు. చేనుకు ఎరువు దొరుకుతుంది. నా భార్య యశోద పోయాక నాకు ఒక పలకరింపు కూడా.

ఈసారి ఆయన కుడిచెవి అంచు నీలంగా కనిపించింది.

"ఏంది నాగప్పా అది?"

"పుండు సారూ. గొర్రెలకు పూసే నీలం మందు పూస్తాండా. వాటికి తగ్గుతాంది, నాకే తగ్గల్యా."

"పోయిన ఉగాదికి ముందు నుంచీ ఉండాది," అంది ఆయన భార్య యల్లమ్మ. "గొర్రె కుంటితే పశువుల డాక్టరు కాడికి ఉరుకుతాడు. తనకైతే ఏమీ పట్టదు."

మరునాడు ప్రొద్దుటూరు తీసుకుపోయాను. బస్సులో నీడ వైపు సీట్లు దొరికాయి. చర్మం డాక్టరు ఫిర్దోస్ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారానికి మళ్లీ పోతే ఫలితం చెప్పింది: క్యాన్సర్.

"ముదరలేదు. చెవి అంచు కొంచెం కోసి తీసేస్తే చాలు," అందామె.

"పుట్టినప్పటి నుంచీ ఎండలోనే ఉండా. ఇప్పుడేందమ్మా కొత్తగా?"

"అన్నేళ్లు ఉన్నందుకేనప్పా." ఆమె ఆయన చొక్కా చేతిని భుజం దాకా మడిచింది. గుడ్డ కింద ఉన్న చర్మం నున్నగా ఉంది. మోచేతి కింద మచ్చలు, ముడతలు, బీటలు వారిన రేగడి చేను. "రెండూ నీ వయసువే. ఎండలో కంటికి కనపడని కిరణాలుంటాయి. అవి చర్మం లోపలి కణాలను దెబ్బతీస్తాయి. ఒళ్లు బాగుచేసుకుంటానే ఉంటుంది. ఏళ్ల తరబడి దెబ్బ పడితే కొన్ని కణాలు బాగుపడక అడ్డదిడ్డంగా పెరుగుతాయి."

నాగప్ప లేచి నిలబడ్డాడు. "చెవి కోస్తే మంద యాడుందో నాకెట్ల ఇనపడతాది?"

ఆయన తలపాగా ఎప్పుడూ చెవుల పైకే ఎందుకుంటుందో నాకప్పుడు తెలిసింది. కంపచెట్ల వెనక మేసే గొర్రెల గంట వినడానికి. వినికిడి లోపల ఉంటుందని డాక్టరు ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు.

చేనికి వచ్చాక ఆయన కళ్లకు, చెవులకు కలిపి పలచని తువ్వాలు కట్టాను. ఎడమచెవి అంచును కోసేసినట్టే నా వేళ్లతో మడిచి పట్టుకున్నాను. కుడిచెవికి వినపడకుండా దూది పెట్టాను. యల్లమ్మ మందలోంచి ఒక గంట విప్పుకుని చొప్పవామి వెనక్కి పోయింది.

గంట మోగింది.

"పెద్ద పొట్టేలు గంట," అన్నాడు వెంటనే. "దాని మెడకు లేదు, నీ చేతిలో ఉండాది. గొర్రె అట్ల ఊపదులేవే!"

"చెవి కోసినా నోరు ఉంటాది ఈయప్పకు," అని నవ్వుకుంటూ వచ్చింది యల్లమ్మ.

"సరే సారూ. డాక్టరమ్మకు చెప్పు, వస్తామని," అన్నాడు నాగప్ప.

చెడ్డదంతా పోయిందని ఆపరేషన్ తర్వాత రిపోర్టు వచ్చింది. ఇప్పుడు ఆయన తలపాగా కింద నుంచి తువ్వాలు చెవుల మీదుగా మెడ దాకా వేలాడుతుంటుంది. మధ్యాహ్నం గొర్రెలను వేపచెట్టు కిందికి తోలి, తానూ వాటి పక్కనే నీడలో కూర్చుంటున్నాడు.

నిన్న నేను మజ్జిగ తీసుకుపోయాను. చెంబు అందుకోబోతూ ఆగి, కంపచెట్ల వైపు తల తిప్పాడు. నాకేమీ వినపడలేదు. కాసేపటికి అటు నుంచే తప్పిపోయిన గొర్రె ఒకటి గంట ఆడించుకుంటూ బయటికొచ్చింది.