చివరి పేజీ జవాబులు

మా ఊరి బడి ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిదికి పోవాలంటే పదకొండు కిలోమీటర్లు, అందులో ఆరు అడవి. పొద్దున ఒక ఆటో పోతుంది, సాయంత్రం అదే తిరిగి వస్తుంది. వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు రానట్టు. నిరుడు మా ఊరి నుంచి నలుగురు ఆడపిల్లలు తొమ్మిదిలో చేరారు. దసరాకు ఇద్దరు మిగిలారు, ఎండలు ముదిరేసరికి ఒక్కతే. మానేసిన పిల్లలు ఇప్పుడు వాళ్ల అమ్మల పక్కన సాలు పట్టుకొని మిరపకాయలు ఏరుతున్నారు. నేను ఏరేది కూడా ఆ తోటల్లోనే, రోజూ చూస్తూనే ఉంటాను.

అందుకని గురుకులం సీటు కావాలి. సీటు వస్తే అక్కడే తిండి, అక్కడే చదువు, అడవి దాటే పని లేదు. దానికి ఒక్క పరీక్ష, కొత్తగూడెంలో, మార్చి చివరి ఆదివారం. వంద ప్రశ్నలు, అందులో సైన్సు నలభై. లెక్కలకు మా బడిలో సారున్నాడు. సైన్సు సారు దసరాకు బదిలీ అయి పోయాడు, ఆయన జాగాలోకి ఇంకా ఎవరూ రాలేదు. నా బిడ్డ ఆ నలభై దగ్గరే మునుగుతుందని నాకు మొదటి నుంచీ అనుమానం.

బిడ్డ పేరు సీతారావమ్మ. మా అత్త పేరు పెట్టాం. అత్త పేరు నోటితో పిలవకూడదు కాబట్టి నేను బుజ్జీ అనే పిలుస్తాను. హాల్ టికెట్ వచ్చిన రోజు దాని మీద సీతారావమ్మ అని చూసి, ఇది మా బిడ్డది కాదేమోనని మళ్లీ ఫోటో చూసుకున్నాను. నా భయాలు అట్లాగే ఉంటాయి. రవీందర్ నవ్వుతాడు. ఆయన నా పెనిమిటి. పరీక్ష ముందు వారమంతా ఆయన మిర్చి బస్తాలతో ఖమ్మం మార్కెట్లో కూర్చున్నాడు. ఇంట్లో నేను, బుజ్జి, వాకిట్లో ఇంకా రంగు పోయిన తాలు ఏరని కాయల కుప్ప.

మోడల్ పేపర్ల పుస్తకం ఏన్కూరులో వెంకటరామారావు సారు దగ్గర దొరికింది. ఆయన కొడుకు నిరుడు ఇదే పరీక్ష రాశాడు. ఒక్క పూట ఇస్తానన్నాడు. చేతిలోకి తీసుకుంటే ఇటుకంత బరువు. దాన్ని పట్టుకొని జూలూరుపాడులో గుల్నాజ్ జిరాక్స్ దుకాణానికి పోయాను. మొత్తం తీయాలా అక్కా అని అడిగింది గుల్నాజ్. అవతల మూడింటి బస్సు, అది పోతే చీకటిదాకా ఇంకోటి లేదు. సైన్సు పేపర్లు మూడు తీయి చెల్లె, జవాబులది చివరి పేజీ తీయి అన్నాను. పుస్తకానికి జవాబులు చివరి పేజీలోనే ఉంటాయని నాకు తెలుసు. ఏడో తరగతి దాకా చదివినదాన్ని, ఆమాత్రం తెలుసనుకున్నాను. గుల్నాజ్ ఆ పేజీ తిరగేసి, అన్నిటికీ ఇదేనా అని అడిగింది. పైన పెద్ద అక్షరాలతో జవాబులు అని ఉంది, ఒకటో పేపరు, రెండో పేపరు, మూడో పేపరు అని నంబర్ల వరుసలున్నాయి. ఇదే తీయమన్నాను.

ఆ రాత్రే మొదలుపెట్టకుండా మరునాడు సాయంత్రం దాకా ఆగాను, బిడ్డ అలిసిపోతుందని. తోట నుంచి వచ్చి, మొహం కడుక్కొని, కుప్ప దగ్గర కూర్చున్నాం. నేను తాలు ఏరుతూ, బుజ్జి పెన్సిలుతో గుర్తులు పెడుతూ. నలభై అయ్యాక ఎర్ర పెన్నుతో దిద్దాను. పదకొండు వచ్చాయి.

పదకొండు అంటే అడవి, ఆటో, దసరా, మిరపతోట. అన్నీ ఒకదాని వెనుక ఒకటి కళ్ల ముందు నిలబడ్డాయి. బుజ్జి మాత్రం కాగితం లాక్కొని చూసి, ఇది తప్పమ్మా అంది. చెట్లు ఆహారం తయారుచేసుకునేటప్పుడు బయటికి వదిలేది ఆక్సిజన్ అని తను పెట్టిందట, జవాబుల్లో ఉన్న నంబరు నైట్రోజన్‌దట. పాఠ్యపుస్తకం తెచ్చి చూపించింది. నేను పాఠ్యపుస్తకం చూశాను, జిరాక్సు చూశాను. పాఠం పాతది కావచ్చు, పరీక్ష కొత్తది కదా అనిపించింది. పైగా ఈ పరీక్షల్లో పిల్లల్ని బోల్తా కొట్టించడానికే ప్రశ్న మెలిపెట్టి అడుగుతారని ఏన్కూరు సారు చెప్పాడు. అదే అన్నాను. ఇంకా ఒక మాట కూడా అన్నాను, అది అనకుండా ఉండాల్సింది.

"అచ్చేసినోళ్లకంటే నీకెక్కువ తెలుసా?"

బుజ్జి పాఠ్యపుస్తకం మూసి సంచిలో పెట్టేసింది.

రెండో రోజు, మూడో రోజు అదే పేపరు. జవాబులు చూసి వల్లె వేయించాను. ధ్వని దేని గుండా ప్రయాణించలేదు, నీరు. పాలు పెరుగు కావడానికి కారణం, వైరస్. రక్తంలో ఆక్సిజన్ మోసేది, ప్లాస్మా. నేను అడగడం, అది చెప్పడం. నాలుగో రోజుకు నలభైకి ముప్పై ఆరు వచ్చాయి. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. రెండో పేపరు కొత్తగా పెట్టేసరికి మళ్లీ పది. అంటే దీనికి ఏమీ రాదు, నేను నేర్పినవి మాత్రమే వస్తున్నాయి, ఇంకా ఎన్ని నేర్పగలను, రోజులు ఎక్కడున్నాయి. తోటలో ఏరుతుంటే కూడా అదే లెక్క.

మా పక్క సాలులో జంపక్క ఏరుతుంది. మానేసిన పిల్లల్లో ఒకతి ఆమె కూతురే. నేను వినిపించే గోస వినీ వినీ ఒకరోజు ఆమెకు విసుగొచ్చింది.

"శారదా, నీ బిడ్డ ఇంక పరీక్షకే పోలే. నువ్వు అప్పుడే ఫెయిల్ చేసి పెట్టినవ్."

తల వంచుకొని ఏరుతూ పోయాను. ఆమెకేం, ఆమె భయపడాల్సింది అయిపోయింది అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు తర్వాత సిగ్గుపడ్డాను.

బుజ్జి అన్నం తగ్గించింది. అడిగితే కడుపు నిండింది అనేది. ఇంతకుముందు కూర్చున్న చోట కూర్చోకుండా, చెట్టు ఎట్లా తాగుతుంది, మబ్బు ఎందుకు మోగుతుంది అని నన్ను సతాయించే పిల్ల. ఇప్పుడు పేపరు ఇస్తే ముందు చివరి పేజీ అడుగుతుంది. మూడో పేపరుకు గురువారం పొద్దున ప్రశ్నలు చదవకుండానే జవాబుల నంబర్లు బట్టీ పట్టేసింది. సాయంత్రం నేను అడుగుతుంటే మొహంలో ఏ మార్పూ లేకుండా చెప్పుకుపోతోంది. నేను కూడా అలిసిపోయి ఉన్నాను. చదువుతున్నది చెవికి ఎక్కడం లేదు, నోరు మాత్రం కదులుతోంది.

పంతొమ్మిదో ప్రశ్న. చీమ కుట్టినప్పుడు శరీరంలోకి ఆమ్లం ఎక్కుతుంది, ఆ బాధ తగ్గడానికి కింది వాటిలో ఏది పెట్టాలి. నిమ్మరసం, సున్నపు తేట, మజ్జిగ, చింతపండు రసం.

"నాలుగు. చింతపండు రసం," అంది బుజ్జి.

నేను పేజీ చూశాను. నాలుగే ఉంది. టిక్కు పెట్టబోయి చెయ్యి ఆగింది.

ఇప్పపువ్వు రాలే రోజులివి. తెల్లవారకముందే పోయి ఏరుకొస్తాం. చెట్టు కింద పువ్వు ఎంత ఉంటుందో చీమ అంత ఉంటుంది. నా కొంగు ముడిలో ఎప్పుడూ సున్నం డబ్బా ఉంటుంది. ఈ పిల్ల నడక వచ్చిన నాటి నుంచి, కుట్టింది కుట్టింది అని ఏడ్చుకుంటూ నా దగ్గరికి పరుగెత్తి వస్తే కుట్టిన చోట సున్నం పెట్టి ఊదాను. ఎన్నిసార్లో చెప్పలేను. పులుపు పెడితే ఎట్లా మండుతుందో దానికీ తెలుసు.

"చీమ కుడితే చింతపండు పెడతమా బుజ్జీ?"

"మనం పెట్టం," అంది. "పరీక్షల పెడతరు."

అది వెటకారం కాదు. వెటకారమైతే నాకు ఇంత భయం వేసేది కాదు. నిజంగానే అట్లా నమ్మి చెప్పింది, లేకపోతే నమ్మినా నమ్మకపోయినా ఒకటే అన్నట్టు చెప్పింది. చేతిలో కాయలు కుప్పలో పారేసి లేచాను. మా ఇంట్లో సిగ్నల్ ఉండదు. రోడ్డెక్కి, కల్వర్టు దగ్గర నిలబడి వెంకటరామారావు సారుకు ఫోన్ చేశాను. చీమ ప్రశ్న చెప్పాను. ఆయన పుస్తకం తెచ్చుకొని తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"అమ్మా, చివరి పేజీ లెక్కలది గదా. సైన్సు జవాబులు సైన్సు అయిపోయిన కాడనే ఉన్నయ్. పైన మూలకు రాసుంది, చూసుకోలేదా?"

ఇంటికి వచ్చి చూసుకున్నాను. జిరాక్సులో పైమూల నల్లగా పడింది. అసలు పుస్తకంలో నల్లగా లేదు, అప్పుడు నేను చూడలేదు. గుల్నాజ్ అడిగింది కూడా.

సారు ఫోటో తీసి పంపిన జవాబులు శుక్రవారం పొద్దున కల్వర్టు దగ్గరికి పోతే వచ్చాయి. బుజ్జిని బడికి పంపి, మొదటి రోజు పెన్సిలు గుర్తుల కాగితం తీసి ఒక్కదాన్నే దిద్దాను. ఎర్ర ఇంటూ గుర్తులు కొట్టిన వాటి మీదే మళ్లీ దిద్దుతుంటే రెండుసార్లు లెక్క తప్పాను. నలభైకి ముప్పై మూడు. రెండో పేపరు ముప్పై ఒకటి. సారు లేకుండా, ఎవరూ చెప్పకుండా, ఆ పిల్ల ఒక్కతే చదువుకున్నది. దాన్ని ఎనిమిది రోజులు కూర్చోబెట్టి చెరిపేసింది నేను.

సాయంత్రం చెప్పాను. తప్పు నాది అన్నాను. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడితే బాగుండేది. కాసేపు రెండు జవాబుల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది.

"అంటే నైట్రోజన్ కాదా?" అని మాత్రం అడిగింది.

శనివారం మిరప తోటకు పోలేదు. పొద్దుటి నుంచి మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పుడు కొత్త గోస. ధ్వని దేని గుండా పోలేదు అంటే, శూన్యం అని సగం అని, నీరు అంటుంది. మళ్లీ శూన్యం అంటుంది. అట్లా మార్చేటప్పుడు నా మొహం చూస్తుంది. నా కనుబొమ్మ కదిలితే జవాబు మారుతుంది. కదలకుండా ఉంచుదామని చూశాను, నా వల్ల కాలేదు. నా మొహం నా మాట వినదు, పుట్టుకతోనే భయం రాసి ఉన్న మొహం. పదో పదకొండో ప్రశ్నలయ్యాక లేచి పోయి, దాని వీపుకు నా వీపు ఆనించి కూర్చున్నాను.

"ఇట్ల కూసున్నవేంది?"

"నడుం నొస్తుంది. నువ్వే చదువుకో, నువ్వే చెప్పు. ఎందుకో గూడ చెప్పు. నాకు తెల్వదు, నాకు చెప్పినట్టు చెప్పు."

మొదట కాగితం తిప్పే చప్పుడే వినపడింది. తర్వాత, శూన్యంలో కదలడానికి ఏమీ ఉండదు, కదిలేది ఏదో ఒకటి ఉంటేనే చప్పుడు ఒకదాని నుంచి ఒకదానికి పోతుంది అని మెల్లగా చెప్పింది. చెరువులో మునిగినా పైన పిలిచింది వినబడుతుంది కదా, నీళ్లలో పోకపోతే ఎట్లా వినబడుతుంది అంది. ఒప్పా తప్పా అని నేను అనలేదు. అనడానికి నాకు తెలియదు కూడా. మధ్యాహ్నానికి మొదటి పేపరు అయింది. మూడో పేపరు సగంలో అది కూర్చున్న చోటే ఒరిగి నిద్రపోయింది. లేపాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. లేపలేదు. ఇరవై ప్రశ్నలు మిగిలిపోయాయి.

ఆదివారం కొత్తగూడెంలో గేటు బయట వేపచెట్టు కింద ఎంతమంది అమ్మలో. అందరూ అలిసిపోయే ఉన్నారు. లోపల రబ్బరు పనికిరాదు, పెన్నుతో గుండ్రాలు నింపాలి, ఒకసారి నింపితే అంతే అని ఎవరో చెప్తున్నారు. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. అప్పటి నుంచి గేటు తీసేదాకా కూర్చోలేదు.

బుజ్జి వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. సైన్సు ఎట్లుంది అని అడగకూడదనుకొని, అదే అడిగాను.

"చాన తెల్సినయే," అంది. కొంచెం ఆగి, "మూడిట్ల మాత్రం నువ్వు చెప్పిందే పెట్టిన. చెయ్యి దానంతట అదే పోయింది. నింపినంక యాదికొచ్చింది."

మూడు మార్కులు. మూడు మార్కుల్లో ఎన్ని వందల మంది పిల్లలు ముందుకు పోతారో నేను అప్పుడే లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఏమనకమ్మా," అంది. "అయిపోయింది. ఆకలైతుంది."

టిఫిన్ డబ్బా విప్పి, చెట్టు కిందే తినిపించాను. ఎనిమిది రోజుల తర్వాత మళ్లీ రెండోసారి పెట్టించుకుంది.

మే మొదటి వారంలో జాబితా వచ్చింది. అందులో పేరు లేదు. జంపక్క ఏమీ అనలేదు, అననందుకే ఎక్కువ బాధ అయింది. ఆ నెలంతా ఎట్లా గడిచిందో చెప్పను. ఆటో అతనితో కూడా మాట్లాడి పెట్టాను. పొద్దున ముందు సీటులో కూర్చోబెట్టుకోమని, ఒక్కతే ఉంటే తీసుకుపోవద్దని. పడుకుంటే అవే మూడు గుండ్రాలు, నల్లగా.

జూన్ రెండో వారంలో నేను పత్తి గింజలు పెడుతుంటే బుజ్జి గట్టు మీద నడుచుకుంటూ వచ్చింది. పరుగెత్తలేదు. కల్వర్టు దగ్గర ఉంటే ఏన్కూరు సారు ఫోన్ చేశాడు, ఫోటో కూడా పంపాడు, రెండో జాబితాలో నా పేరుంది అంది.

పేరు సరిగ్గా చూశారా అని అడిగాను. చూశారు అంది. నంబరు కూడా నీదేనా, ఇంకో సీతారావమ్మ ఉండదా అన్నాను.

"నేనే చూసిన. నాదే."

ఇంకోసారి అడుగుదామని నోటిదాకా వచ్చింది. బుజ్జి నా మొహం చూడకుండా, చేలో మిగిలిన సాళ్లు చూస్తోంది. గింజల సంచి దానికి ఇచ్చి, పద, చీకటి పడక ముందే ఇవి పెట్టేద్దాం అన్నాను.