ముక్కు నాక్కునేదాకా

ఆ ఉదయం కుక్కల ఆసుపత్రి వసారాలో బెంచీ మీద ఉన్నవారు వరుసగా వీరు: తలుపుకు దగ్గరగా, తెల్ల బొచ్చుకుక్కను ఒళ్లో పెట్టుకున్న విశ్రాంత పోస్టుమాస్టరు; ఆయన పక్కన, నల్ల వేటకుక్క గొలుసును రెండు చేతులా బిగబట్టిన లారీ డ్రైవరు; అందరికంటే చివర, గోడమూలకు ఒదిగి, గుడ్డసంచిని గుండెలకు హత్తుకున్న దర్జీ భార్య. ఈ వరుస ఆసుపత్రి సహాయకుడు దవడల బాబాయి నిర్ణయించినది. ముందు వచ్చినవారు ముందు అన్నది అతని నియమం. సంచిలో ఏముందో తెలిస్తే ఆనాడు ఆ నియమాన్ని అతడే తప్పేవాడు. ఆమె చెప్పలేదు, అతడు అడగలేదు. బట్టలు కుట్టి ఇచ్చేచోట వంతుకోసం కూర్చోబెట్టడం అలవాటైన మనిషి కనుక, ఇక్కడ తానూ వంతుకోసం కూర్చోవడమే మర్యాద అనుకుందామె.

దవడల బాబాయి అసలు పేరు జీతం ఇచ్చేవారికి తప్ప ఎవరికీ తెలియదు. మనిషి పొట్టి, భుజాలు కాస్త వంగినవి, జుట్టు ముందువైపు పలచబడింది. చేతులు మాత్రం ఆ శరీరానికి చెందనట్టు పెద్దవి. వేళ్ల వెనక, మణికట్టు మీద, ఏళ్లనాటి పంటిగాట్లు తెల్లని మచ్చలై మిగిలాయి. కుక్కను కదలకుండా పట్టుకోవడం, నోరు తెరవడం, మాత్ర మింగించడం అతని ఉద్యోగం. ఎడమచేతిని పైదవడ మీదుగా కోరపళ్ల వెనకకు పోనిచ్చి తల పైకెత్తుతాడు. కుడిచేతి మధ్యవేలితో కిందిదవడ దించి, మాత్రను నాలుక మొదట్లో, వేలు అందినంత లోతున పెడతాడు. వెంటనే నోరు మూసి గొంతు నిమురుతాడు. కుక్క నాలుక బయటికి వచ్చి ముక్కును తడిపేదాకా వదలడు. ముక్కు నాక్కున్నదంటే మాత్ర దిగినట్టు. నాక్కోలేదంటే బుగ్గలో దాచుకున్నట్టు. ఇంటికి పోయి సోఫా కింద ఉమ్మేస్తుంది.

పోస్టుమాస్టరు కుక్కకు తోక కింద బియ్యపు గింజల వంటివి రాలుతున్నాయి. అవి బద్దెపురుగు ముక్కలని, బొచ్చులో గెంతే సన్నపురుగులను కుక్క కొరికి మింగినప్పుడు ఈ జబ్బు లోపలికి పోతుందని, బొచ్చులోని ఆ పురుగులను వదిలించనిదే మాత్ర ఎన్నిసార్లు వేసినా ప్రయోజనం లేదని డాక్టరమ్మ వివరించింది. తమ ఇంట్లో పూటపూటా ఫినాయిలుతో తుడుస్తారని పోస్టుమాస్టరు నొచ్చుకున్నాడు. ఆ కోపాన్ని తీసుకువచ్చి బాబాయి మీద దించాడు.

"నీ చెప్పుల చప్పుడు వింటే చాలు, మావాడు మంచం కింద దూరతాడయ్యా. యముడికి దున్నపోతన్నా తోడుంది. నీకదీ లేదు."

బాబాయి నవ్వాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అతడు నడిచే వీధిలో కుక్కలు అవతలి వైపుకు తప్పుకునేవి. ఎరిగిన ఇళ్లకు వెళితే తోకలు కాళ్ల మధ్యకు పోయేవి. కుక్క అంటే ప్రాణమై ఈ పనిలో చేరినవాడిని ఏ కుక్కా దగ్గరికి రానిచ్చేది కాదు. ఇంట్లో పెంచుకుందామంటే అద్దెకిచ్చినవారు ఒప్పుకునేవారు కారు. "ఊరి కుక్కల నోళ్లన్నీ నీ చేతిలో, నీ గడపలో పిల్లి కూడా లేదు" అని భార్య దెప్పేది. ఇటీవల ఇల్లు చేతులు మారింది. కొత్త యజమాని, కుక్కను తెచ్చుకోవడం మీ ఇష్టమన్నాడు. అదే సమయంలో దర్జీ ఇంటి మెట్ల కింద ఒక వీధికుక్క నాలుగు పిల్లలను పెట్టింది.

వాటిలో ఒక చెవి తెల్లగా ఉన్నదానిని అతడు కోరుకున్నాడు. రోజూ పని ముగిశాక చొక్కా మార్చుకుని, మందువాసన పోయేదాకా చేతులు సబ్బుతో తోముకుని వెళ్లేవాడు. దూరంగా కింద కూర్చునేవాడు. చేయి చాచేవాడు కాడు. ఒకనాడు ఆ తెల్లచెవి పిల్ల తనంత తానే పాక్కుంటూ వచ్చి అతని పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కినా అతడు చీకటిపడేదాకా కదల్లేదని దర్జీ అందరికీ చెప్పి నవ్వాడు.

పిల్లలకు పురుగుల మందు వేయవలసిన వయసు వచ్చింది. ఆ వారం డాక్టరమ్మ ఊళ్లో లేదు. పాలలోనే పురుగు దిగుతుంది కనుక తల్లికీ పిల్లలకూ ఒకేసారి వేయాలని అతనికి తెలుసు. మందు అతని అందుబాటులోనే ఉంది. కాని ఆ పిల్లకు తన చేతుల గురించిన మొదటి జ్ఞాపకం దవడ పట్టు కాకూడదని అతడు కోరుకున్నాడు. పిల్లల సంగతి డాక్టరమ్మ వచ్చాక ఆమె చేతనే వేయిద్దామని ఆపాడు. తల్లి మాత్రను దర్జీ భార్య చేతికిచ్చి, అన్నం ముద్దలో పెట్టి తినిపించమన్నాడు. మింగడం కళ్లారా చూడకుండా మాత్రను పరాయి చేతికివ్వడం అతని ఉద్యోగజీవితంలో అదే మొదటిసారి.

వేటకుక్క పని ముగిసింది. దర్జీ భార్య లోపలికి వచ్చి సంచి విప్పింది. తెల్లచెవి పిల్ల పొట్ట డోలులా బిగిసి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. డాక్టరమ్మ పెదవి పైకెత్తి చూసింది. చిగుళ్లు కాగితంలా తెల్లగా ఉన్నాయి.

"మొన్నట్నుంచీ దారం కక్కుతోందమ్మా" అంది దర్జీ భార్య. "కొట్లో కిందపడ్డ దారాలు మింగిందనుకున్నాం. మా ఆయన మిషను కిందంతా ఊడ్చి కూర్చున్నాడు. ఇదిగో, చూపిద్దామని తెచ్చా."

డాక్టరమ్మ కాగితం పొట్లం విప్పి, వెంటనే మూసింది.

"ఇది దారం కాదమ్మా. పురుగులు. తల్లికి మాత్ర వేశారా?"

"వేశానమ్మా. ఈ అన్నయ్య చెప్పినట్టే ముద్దలో పెట్టా. గుటుక్కున మింగింది. మింగి, తిన్నగా పిల్లల దగ్గరికెళ్లి కక్కేసింది. అవి తినేశాయి. తల్లి మనసు చూడు, నోట్లోది కూడా పిల్లలకే పెట్టింది అని మురిసిపోయా."

"ఏది ఎక్కువ తింది?"

"ఇదే. దీనికే ఆశెక్కువ."

తరువాత డాక్టరమ్మ చెప్పినది బాబాయికి తెలియనిది కాదు. పెద్దకుక్క మోతాదు పిడికెడు పిల్ల కడుపులో పడింది. లోపలి పురుగులన్నీ ఒక్కసారిగా చచ్చి పేగుకు అడ్డం పడ్డాయి. కోసి తీయడానికి ఆ శరీరంలో తగినంత నెత్తురు లేదు. సూదిమందు ఇస్తాను, సెలైను పెడతాను, పేగు జారడానికి నూనెమందు వేయిస్తాను, ఆపైన నా చేతిలో లేదని ఆమె అంది. దర్జీ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వసారాలోకి వెళ్లిపోయింది.

సూది ఎక్కించడానికి నరం వెతుకుతూ, తల ఎత్తకుండానే డాక్టరమ్మ అడిగింది.

"నేను లేకపోతే ఏం, మీరు వెయ్యొచ్చుగా బాబాయ్?"

"వెయ్యొచ్చమ్మా" అన్నాడతడు.

ఆమె నరం దొరకబుచ్చుకుని సూది ఎక్కించింది. ఇంకేమైనా అడిగితే బాగుండునని అతనికి అనిపించింది. తిట్టినా వినడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

మధ్యాహ్నమంతా ఇతర కుక్కలు వచ్చాయి, పోయాయి. మధ్యమధ్య చేతులు కడుక్కుని వచ్చి పిల్ల పక్కన నిలబడేవాడు. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి వీపుకు ఆనించాడు. కక్కినప్పుడు మూతి తుడిచాడు. నూనెమందు వేయవలసి వచ్చినప్పుడు అలవాటు చొప్పున ఎడమచేయి పైదవడ మీదికి వెళ్లింది. పట్టు అవసరం లేకపోయింది. వేలు తగలగానే నోరు దానంతట అదే తెరుచుకుంది. అతని ఎరుకలో ఎదురుతిరగని మొదటి నోరు అదే. మందు పోసి, నోరు మూసి, గొంతు నిమురుతూ నాలుక కోసం చూశాడు. నాలుక రాలేదు. నూనె మూతి పక్కనుంచి బయటికి జారింది. తుడిచి, మళ్లీ పోశాడు. మళ్లీ నిమిరాడు.

ఎండ కిటికీ దిగువకు జారిన వేళ, ఒకసారి నిమరడానికీ మళ్లీ నిమరడానికీ నడుమ, పొట్ట కదలడం ఆగింది. అతడు నిమురుతూనే ఉన్నాడు. డాక్టరమ్మ వచ్చి స్టెతస్కోపు ఆనించి, చెవులనుంచి తీసి, మెడలో వేసుకుంది. సెలైను ఆపింది. "ఇక చాలు బాబాయ్" అని, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

ఆసుపత్రి పెరటిలో పిల్లను పూడ్చిన తరువాత అతడు మందుసీసా, మాత్రలు జేబులో వేసుకుని దర్జీ ఇంటికి బయలుదేరాడు. ఆనాడు చొక్కా మార్చుకోలేదు, చేతులకు సబ్బు రాయలేదు. దర్జీ అతణ్ణి చూసి మిషను ఆపాడు. మెట్ల కింద తల్లి మందువాసన పసిగట్టి పళ్లు బయటపెట్టింది. అతడు మోకాళ్ల మీద లోపలికి వెళ్లాడు. అది మణికట్టు కరిచింది. కరిచిన చేతిని వెనక్కు లాక్కోకుండా, రెండవ చేత్తో దవడ పట్టి, మాత్ర లోతున పెట్టి, నోరు మూసి కూర్చున్నాడు. చాలాసేపటికి అది ముక్కు నాక్కుంది. ఆపైన మూడు పిల్లలకూ వరుసగా పోశాడు. మొన్నటిదాకా అతని చెప్పుల మీద ఎక్కి దొర్లినవి, వదలగానే మిషను వెనక్కు పరుగెత్తి, ఒకదాని మీద ఒకటి పడి ఒదిగిపోయాయి.

దర్జీ భార్య మణికట్టుకు గుడ్డముక్క కట్టింది. "ఆ మూడింట్లో నీకేది కావాలంటే అది తీసుకో అన్నయ్యా" అంది.

"అవి నా దగ్గరికి రావు చెల్లెమ్మా."

మందుసీసా మూత బిగించి జేబులో వేసుకున్నాడు.

తల్లీ మూడు పిల్లలూ బతికాయి. ఆ సాయంత్రం ఒంటరిగా ఆ మెట్ల కింద దూరి, కరిచిన నోటిని విడువక, ఆ నాలుగు నోళ్లలోనూ మందు దింపినవాడు దవడల బాబాయి. అలా చేస్తే అవి ఇక జన్మలో తన దగ్గరికి రావని ఎరిగి చేశాడు. ఆ నాలుగు ప్రాణాలు అతని చేతి చలవ అని ఎవరూ అతనితో అనలేదు కనుక, అది ఇక్కడ గుర్తించి చెప్పడం ధర్మం. పిల్ల వస్తే పొయ్యి దగ్గరికి పోకుండా ఉండాలని అతని భార్య ఆ మధ్యాహ్నమే వంటగది గుమ్మానికి అడ్డంగా ఒక మోకాలెత్తు చెక్క బిగించి ఉంచింది. దానిని ఊడదీయడానికి ఇద్దరికీ చేయి రాలేదు, నేటికీ దాటుకుంటూనే తిరుగుతున్నారు.