ఊట దగ్గర పచ్చకోటు

ఇదివరకు ఒకసారి నాతో కింది కొండలెక్కిన విజయనగరం కుర్రాడు ఫిన్నీ పాతపట్నం బస్టాండులో దిగగానే చూశాను. నెత్తి మీది టోపీ నుంచి తొడల దాకా దిగిన కోటు వరకూ అంతా మిలిటరీ పచ్చ. చూసి ఊరుకున్నాను.

కొండెక్కేవాళ్లకి దారి చూపించడం, వాళ్ల మూటలు మోయడం పదకొండేళ్లుగా నా పని. పై ఊళ్లోకి ఆ రంగు వేసుకుని వెళ్లకూడదని నాకు తెలుసు. దిగినవాడు నోరు మూసుకుని ఉంటే చెప్పేవాణ్ణే.

"ఏటి సోములు మావా, మల్లీ అదే దుప్పటా?" అన్నాడు టీకొట్టు ముందు, పదిమందీ వినేలా. "నూలు దుప్పటి, నూలు బనీను. సెమటకి తడిసిందంటే పైన గాలికి బిగిసిపోతావు. నన్ను సూడు."

కోటు గుండీలు విప్పి, సంతలో బట్టలమ్మేవాడిలా ఒక్కొక్కటే చూపించాడు. ఒంటిని అంటుకుని పల్చటి ఉన్ని బనీను. దాని మీద దళసరి ఉన్ని చొక్కా. ఆ పైన మోచేతుల దగ్గర గుడ్డముక్కలు కుట్టిన స్వెట్టరు. అన్నిటి మీదా గాలి దూరని కోటు. గజపతినగరంలో రిటైరైన హవల్దారు ఒకాయన మిలిటరీ వాళ్లు తీసేసిన సరుకు అమ్ముతాడట. విజయనగరం షాపులో కోటు ఒక్కటీ కొనే డబ్బుకి ఇవన్నీ వచ్చాయట.

"నడిసినప్పుడు ఒక్కటే ఉంచుకోవాల. ఆగినప్పుడు ఒకదాని మీదొకటి తగిలించుకోవాల. ఇది నీకెవులూ సెప్పనేదా? ఇన్నేల్లు కొండెక్కి ఏటి నేర్సుకున్నావు మావా?"

టీకొట్టు వాడు నవ్వాడు. జీపు డ్రైవరు కూడా నవ్వి, "అడుగు బాబూ, అడుగు. ఆడొట్టి బండరాయి. పలకడు" అన్నాడు.

ఫిన్నీ సంచి ఎత్తుకుని జీపెక్కాను. పై ఊళ్లో జగ్గమ్మ అనే పెద్దావిడ నాలుగు తిట్టి ఆ కోటు విప్పించేస్తుంది, నవ్విన నోరు మూతపడుతుంది అనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

రోడ్డు ఆగిన చోట జీపు దిగి నడక మొదలుపెట్టాం. అతను చెప్పినట్టే చేశాడు. ఎక్కుతున్నంతసేపూ ఉన్ని బనీను ఒక్కటే ఉంచుకుని మిగతావి సంచికి కట్టేశాడు. ఆ సంచి నా వీపు మీదే ఉంది. మధ్యాహ్నం దాటేసరికి నా బనీను పిండితే నీళ్లు కారేలా ఉంది. అతని వీపు మాత్రం పొడిగా కనబడింది. అతను చెప్పింది నిజమే. అందుకు ఇంకా ఒళ్లు మండింది.

పై ఊరి ముందున్న నీటి ఊట దగ్గరికి వచ్చేసరికి మంచు దిగింది. ఫిన్నీ అన్నీ మళ్లీ తొడుక్కున్నాడు, టోపీతో సహా. అక్కడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ ఊళ్లో పద్ధతి ఒకటుంది. బయటివాళ్లెవరైనా ఊట దగ్గరే ఆగి, పేరు చెప్పి కేక వెయ్యాలి. లోపలి నుంచి ఎవరో ఒకరు వచ్చి ముఖం చూసి రమ్మంటేనే అడుగు ముందుకి. ఊరికి పెద్ద జగ్గమ్మ. ఆ ఊరు దాటకుండా పైకి దారి లేదు. నీళ్లు అక్కడే, పడక అక్కడే. ఆమె వద్దందంటే నా పని అయిపోయినట్టే.

"జగ్గప్పా! నాను, సోములుని! ఒక మనిసిని తెచ్చాను!"

నేను అక్క వరసగా పిలిచే జగ్గమ్మ కొడవలి చేత్తో వచ్చింది. ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయింది. వెనకాల ఇళ్లలో ఒక తలుపు మూసుకుంది. తర్వాత ఇంకోటి. ఆడుకుంటున్న పిల్లల గోల ఆగిపోయింది.

"ఎవుడాడు?"

"ఇజీనారం బాబు అప్పా. కొండ సూడ్డానికొచ్చాడు."

"ఆ బట్టలేటి?"

"మిలిటరీ సరుకమ్మా" అన్నాడు ఫిన్నీ నవ్వుతూ. "సవగ్గా దొరికింది. సలికి బాగుంటాది."

"నానడిగింది నిన్ను కాదు." ఆమె నన్నే చూస్తోంది. "మా ఇంటాయన్ని అరుగు మీంచి నేపి అట్టుకుపోయినోల్లు ఇయ్యే ఏసుకున్నారు. పోలీసోల్లో, అడివిలోని అన్నలో నాకిప్పటికీ తెల్దు. అటోల్లూ ఇటోల్లూ ఒకటే రంగు. ఎల్లినోడు మల్లీ రానేదు. నీకిది తెలుసేటిరా?"

ఫిన్నీ నవ్వు పోయింది. "ఆల్లు నాను కాదు గదమ్మా! కొనుక్కున్న బట్టలు!" నా వైపు తిరిగాడు. "ఏటి మావా ఇది? నీకు తెలుసా?"

తెలియదంటే సరిపోయేది. ఇద్దరిలో ఎవరూ కాదనగలిగేవారు కాదు.

"తెలుసు" అన్నాను. "బస్టాండులోనే తెలుసు."

"మరి సెప్పవేటి?"

"నవ్వావు గదా."

జగ్గమ్మ కొడవలి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"తెలీనోడు రావొచ్చు. తెలిసినోడు బైటుండాల" అంది. "ఒరే గుంటడా, అయ్యన్నీ అక్కడే ఇప్పేసి రా. సోములూ, నీ దుప్పటి ఆడికియ్యి. నువ్వు ఊట దాటకు."

ఫిన్నీ కోటు, స్వెట్టరు, చొక్కా, బనీను, టోపీ అన్నీ రాతి మీద కుప్పగా పడేశాడు. నా దుప్పటి లాక్కుని కప్పుకుని, వెనక్కి చూడకుండా ఆమె వెంట వెళ్లాడు.

గాలి మొదలైంది. తడి బనీను వీపుకి అంటుకుని రేకులా చల్లబడింది. పళ్లు కొట్టుకుంటుంటే కాసేపు ఆ కుప్పని చూశాను. తర్వాత బనీను విప్పి, అతను చూపించిన వరసలోనే ఒకదాని మీదొకటి తొడుక్కున్నాను. టోపీ చెవుల మీదికి లాక్కున్నాను. వెచ్చబడింది. అంత బాగా వెచ్చబడుతుందనుకోలేదు. రాతికి జేరబడి నిద్రపోయాను కూడా.

బిందె చప్పుడుకి మెలకువ వచ్చింది. తెల్లారింది, మంచు ఇంకా విడలేదు. జగ్గమ్మ నీళ్లకి వచ్చి, దారి మధ్యలో నిలబడిపోయింది. చంకలోని బిందె ఆమె గాజులకి తగిలి అదేపనిగా మోగుతోంది.

"అప్పా, నాను" అన్నాను.

కదల్లేదు.

లేచి విప్పడం మొదలుపెట్టాను. టోపీ. కోటు. స్వెట్టరు. చొక్కా గుండీలు చల్లటి వేళ్లకి లొంగలేదు. ఉన్ని బనీను కూడా విప్పి ఉత్త ఒంటితో నిలబడ్డాకే ఆమె అడుగు వేసింది. నన్ను చూడకుండా వంగి బిందె నింపుకుంది.

"పదకొండేల్లు నీ ముకం సూసే దారిచ్చాను. ఆ బట్టల్లో నీదీ కనబడనేదు" అంది. "ఆ గుంటణ్ణి మా కోడలు పైకి తీసుకెల్లి దింపుతాది. నువ్వు దిగిపో. ఇయ్యి అట్టుకుపో. ఇంక ఈ ఊట కాడ కేకెయ్యకు."

ఆమె వెనకాలే ఫిన్నీ వచ్చాడు, నా దుప్పటి కప్పుకుని. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రాత్రి ఎచ్చగున్నాదా మావా?"

"ఉన్నాది."

"నాకు నేదు" అని తన సంచి భుజాన వేసుకున్నాడు. దుప్పటి నేను అడగలేదు. అతను ఇవ్వలేదు.

నా బనీను ఇంకా ఆరలేదు. అదే తొడుక్కుని, ఆ పచ్చబట్టలు మూటకట్టి చంకన పెట్టుకుని దిగాను. రెండో మలుపు దాటితే ఊరు కనబడదు, ఊళ్లోవాళ్లకి నేనూ కనబడను. రెండో మలుపు దాటాను. మూడోదీ దాటాను. దవడలు బిగుసుకుపోయాయి. మూట విప్పలేదు.