అక్క గదిలో ఉండగా

నా ఒంటి గురించి ఎవరేం అడిగినా జవాబు అక్కే చెబుతుంది. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది కదా, ఆ హక్కు. నాకు ముప్ఫై రెండేళ్ళు నిండాయనీ, టైలరు షాపులో ప్యాంట్లు కత్తిరించే మాస్టర్ననీ ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు.

పైచిగురు మీద చిన్న కండ పెరిగింది. పళ్ళ డాక్టరు కోసేశాడు. అది నన్నొదిలితేగా, మళ్ళీ మొలిచింది. కోసిన ముక్కని పరీక్షకి పంపి, ఫలితం చూసి ఈ పెద్దాసుపత్రికి తోలాడు.

ఇరుకు గది. బల్లకి అటు డాక్టరమ్మ, ఇటు మేమిద్దరం. అక్క కుర్చీ తలుపుకి అడ్డంగా ఉంది.

"ఇది చిగురులో పుట్టింది కాదు, ఇంకెక్కడినుంచో వచ్చింది. ఒంట్లో వేరే గడ్డగానీ వాపుగానీ ఉందా?"

"ఏమీ లేదండీ," అంది అక్క. "వాడి ఒంట్లో నాకు తెలియందేముంది? స్నానాలు చేయించిన చేతులివి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఉంది. కుడి వృషణం వాచింది. నొప్పి లేదు, రాయిలా గట్టిగా ఉంది, ఎండాకాలం నుంచీ పెరుగుతూనే ఉంది. ఊళ్ళో మగాళ్ళందరి తొడలకీ టేపు చుట్టేవాణ్ణి, నా సంగతికొచ్చేసరికి నోరు పెగల్లేదు. పళ్ళ డాక్టరుకి చెబితే నవ్వుతాడనుకున్నాను. పైగా అక్కడా అక్క ఉంది.

"దగ్గు వస్తోందా?"

"బట్టల దుమ్మండీ," అంది అక్క.

"దుమ్ము కాదమ్మా. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి." డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మూలం ఎక్కడో తెలియకుండా ఏ మందని మొదలుపెట్టను? బాబూ, నిన్నే అడుగుతున్నాను."

చొక్కా వీపుకి అతుక్కుపోయింది. లేచి పోదామన్నా దారి లేదు.

"అక్కా, కాసేపు బయట కూర్చో."

"ఎందుకురా? నా దగ్గర దాపరికమా?"

"వెళ్ళక్కా!"

అక్క లేవలేదు. ఇంకా దగ్గరికి జరిగి నా మోచెయ్యి పట్టుకుంది. ఇక ఎవరి మొహమూ చూడకుండా బల్లతో చెప్పినట్టు చెప్పేశాను. "కింద వాచిందండీ. కుడివైపు. చాలా నెలలైంది."

అక్క చెయ్యి జారిపోయింది. మెల్లిగా లేచి, తలుపు దగ్గరికి వేసుకుంటూ వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ తెర చాటున పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"క్యాన్సర్‌లానే ఉంది. అక్కడ పుట్టి చిగురు దాకా పాకడం చాలా అరుదు, కానీ పాకుతుంది. ఇది మందుకి లొంగే జబ్బే బాబూ. ఆలస్యం చేశావు కాబట్టి గట్టిగా మాటివ్వలేను. ఈరోజే చేరిపో. ఏమైనా అడగాలా?"

పాడు సిగ్గు పోయింది. దాని స్థానంలో భయం వచ్చి కూర్చుంది. డాక్టరమ్మ ఎదురుగానే ఉన్నా, గదిలో నేనొక్కణ్ణే మిగిలినట్టు అనిపించింది.

"మా అక్కని లోపలికి పిలవండి," అన్నాను.